లక్షా ముప్పై వేల ఫోన్‌కి తెలుగు రాదా?

అందరికీ నమస్కారం. నేను గుంటూరు బ్రాడీపేటలో సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతాను, పదహారేళ్లుగా ఇదే పని. లైబ్రరీ వాళ్లు వచ్చి "కొత్త ఫోన్ గురించి నాలుగు మాటలు చెప్పండి, కొనాలా వద్దా అని ఇళ్లల్లో ఒకటే చర్చ" అన్నారు, సరేనన్నాను. యూట్యూబులో చెప్పేవాళ్లు కంపెనీ పంపిన ఫోన్ పట్టుకుని చెబుతారు. నేను మా బావగారు సొంత డబ్బుతో, అదీ ఈఎంఐ మీద కొన్న ఫోన్ నాలుగు రోజులు అడిగి తీసుకుని, వాడి చూసి చెబుతున్నాను. బావగారు ముందు వరసలోనే ఉన్నారు, నేనేమైనా తప్పు చెబితే ఆపేస్తారు.

ఫోన్ శాంసంగ్ గెలాక్సీ ఎస్24 అల్ట్రా. 2024 జనవరి 17న అమెరికాలో శాన్ హోసేలో విడుదల సభ పెట్టారు, ఆ నెలాఖరుకి మన దుకాణాల్లోకి వచ్చేసింది. 12 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ ఉన్న మోడల్ ధర విడుదలప్పుడు 1,29,999. 2023లో ఎస్23 అల్ట్రా వచ్చినప్పుడు 1,24,999, అంటే ఏడాదిలో అయిదు వేలు పెరిగింది. ఇంత పెట్టినా డబ్బాలో ఛార్జర్ ఉండదు, విడిగా కొనుక్కోవాలి. ఇది నాకు అస్సలు నచ్చదు.

ముందు అద్దం సంగతి చెప్పాలి, ఎందుకంటే రోజంతా నా చేతుల్లో ఉండేది అదే. పాత అల్ట్రాలకు డిస్‌ప్లే అంచులు వంపు తిరిగి ఉండేవి. చూడ్డానికి బాగుంటాయి కానీ వాటికి మామూలు టెంపర్డ్ గ్లాస్ కూర్చోదు, జిగురు పోసి యూవీ లైటు కింద ఆరబెట్టే గ్లాస్ వేయాలి, ఆ జిగురు కాస్త ఎక్కువైతే స్పీకర్ జాలీలోకి దిగిపోతుంది, ఇక ఆ కస్టమర్ మాట వినపడట్లేదని మళ్లీ మన దగ్గరికే వస్తాడు. ఈసారి 6.8 అంగుళాల డిస్‌ప్లేని పూర్తిగా చదునుగా చేశారు. ఫోన్‌తో వచ్చే పెన్నుతో రాసేవాళ్లకి కూడా అంచు దాకా రాయడానికి వీలుగా ఉంది. ఆ అద్దం పేరు గొరిల్లా ఆర్మర్. మామూలు అద్దంతో పోలిస్తే ప్రతిబింబాలు 75 శాతం వరకు తగ్గుతాయని దాన్ని తయారుచేసే కార్నింగ్ కంపెనీ అంటోంది. శాతం నేను కొలవలేదు కానీ తేడా మాత్రం కళ్లకు కట్టినట్టు ఉంది. షాపులో మా ట్యూబ్‌లైటు కింద నా ఫోన్, ఈ ఫోన్ పక్కపక్కన పెట్టాను. నా ఫోన్‌లో తెల్లటి గీత నిలువునా మెరుస్తోంది, ఇందులో అదే గీత మసక ఊదా రంగులో ఉందా లేదా అన్నట్టుంది. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీదికి తీసుకెళ్తే చెయ్యి అడ్డం పెట్టకుండా మెసేజ్ చదవగలిగాను.

అయితే ఒక మాట, దయచేసి గుర్తుపెట్టుకోండి. బావగారు ఫోన్ కొన్న రోజే అక్కడే రెండు వందలు పెట్టి టెంపర్డ్ గ్లాస్ అంటించుకున్నారు. అంటించగానే ఆ గుణం మొత్తం పోయింది! వెలుతురు ఇప్పుడు ముందు తగిలేది పైన అంటించిన మామూలు గ్లాసుకి, అది మామూలుగానే మెరుస్తుంది, కింద ఎంత గొప్ప అద్దం ఉన్నా ఏం లాభం? నేను పీకేశాను. ఆయన టెన్షన్ నాకు అర్థమవుతుంది, పగిలితే ఈ డిస్‌ప్లే మార్చే ఖర్చుతో ఇంకో మంచి ఫోన్ వస్తుంది. చుట్టూ అంచు కాస్త ఎత్తుగా ఉన్న పౌచ్ వేసుకుని వాడండి, అదే నా సలహా. గ్లాసులు అమ్ముకునేవాణ్ణే ఈ మాట చెబుతున్నాను.

టైటానియం ఫ్రేమ్ గురించి చాలా చెబుతున్నారు. గట్టి లోహమే, కాదనను, కానీ పౌచ్ వేశాక కనపడదు. 232 గ్రాములు ఉంది, పాతదీ ఇంచుమించు అంతే.

కెమెరాలో జనం గొడవ పడుతున్నది జూమ్ మీద. ఎస్23 అల్ట్రాలో పది రెట్లు దగ్గరికి లాగే 10 మెగాపిక్సెల్ లెన్స్ ఉండేది, ఇప్పుడు అది తీసేసి అయిదు రెట్ల 50 మెగాపిక్సెల్ లెన్స్ పెట్టారు, అంకె తగ్గింది కాబట్టి మోసపోయాం అంటున్నారు. నేనలా అనుకోవట్లేదు. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు మండపం ఎదురుగా నాలుగో వరసలో కూర్చుని ఫోటో తీసేవాళ్లకి కావాల్సింది అయిదు రెట్లే, పది రెట్లు అంటే పెళ్లికూతురి నుదుటి బొట్టు తప్ప ఏమీ పట్టదు. ఎక్కువ దూరం కావాలంటే 50 మెగాపిక్సెల్‌లో నడిమి భాగాన్ని కత్తిరించి ఇస్తుంది, అదీ బాగానే ఉంది. చందమామని తీసేవాళ్ల సంగతి వేరు.

ఏడేళ్ల అప్‌డేట్లు అనడం మాత్రం నిజంగా పెద్ద విషయం. 2023 అక్టోబరులో గూగుల్ తన పిక్సెల్ 8 ఫోన్‌కి ఈ మాట ఇచ్చింది, ఆ తర్వాత శాంసంగ్ వాళ్లూ ఇచ్చారు. 2031 దాకా అన్నమాట. రెండు మూడేళ్లకి బ్యాటరీ పట్టు తగ్గుతుంది, అది మార్పించుకుని వాడుకుంటూ పోవచ్చు. లక్ష పైన పెట్టేవాళ్లకి ఈ లెక్క ఒక్కటే నాకు సబబుగా అనిపిస్తోంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న సంగతి. బావగారిది టైల్స్ వ్యాపారం. సరుకు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తుంది, అక్కడివాళ్లతో మాట హిందీలో, ఈయనకి వచ్చిన హిందీ "కిత్నా, కబ్" దగ్గర ఆగిపోతుంది. ఫోన్‌లో మాట్లాడుతుండగానే అటు మాట ఇటు భాషలోకి మార్చి చెబుతుంది అన్న ప్రకటన చూసే ఈ ఫోన్ కొన్నారు. నా ఎదురుగానే మోర్బీకి కాల్ చేశారు. పని చేసింది, అబద్ధం చెప్పకూడదు. అటు ఆయన హిందీలో చెప్పింది ఒకట్రెండు క్షణాలు ఆగి ఇంగ్లీషులో వినిపించింది, హిందీలో నిన్నకీ రేపటికీ ఒకటే మాట "కల్", దాన్ని నిన్న అనకుండా రేపు అని సరిగ్గానే పట్టుకుంది. కానీ బావగారికి ఇంగ్లీషు కూడా అంతంతే. ఆ ఇంగ్లీషుని మళ్లీ నేను తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

కాల్ పెట్టేశాక భాషల జాబితా తెరిచారు. విడుదలప్పుడు ఇచ్చినవి 13 భాషలు. అక్షరక్రమంలో కిందికి జరుపుతూ పోయారు, కొరియన్, పోలిష్, పోర్చుగీస్, స్పానిష్, ఆ తర్వాత తెలుగు రావాలి, థాయ్ వచ్చింది. మళ్లీ పైకి వెళ్లి ఇంకోసారి చూశారు. విడుదలప్పుడు మన దేశ భాషల్లో ఉన్నది హిందీ ఒక్కటే.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. పోలండ్ జనాభా మొత్తం కలిపినా 4 కోట్లు లేదు, ఇటలీ 6 కోట్ల లోపు. ఆ భాషలు ఉండొద్దని కాదు, ఉండాలి. మరి మనది ఎందుకు లేదు? తెలుగు యంత్రానికి పట్టుబడని భాష అయితే కాదు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2011 నుంచి తెలుగు ఉంది, 2017 నుంచి ఫోన్‌లో మాట్లాడితే తెలుగులో టైప్ అవుతోంది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ అనే పరిశోధన బృందం వాళ్లు 2023లో 22 భారతీయ భాషల అనువాద మోడల్‌ని అందరూ వాడుకునేలా బయటపెట్టారు, అందులో తెలుగు ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఏళ్ల తరబడి ఈ పని మీదే ఉన్నారు. శాంసంగ్‌కి నోయిడాలో పేద్ద ఫ్యాక్టరీ ఉంది, బెంగళూరులో పరిశోధన కేంద్రం ఉంది.

కష్టం ఉంది, నాకు తెలుసు. వార్తలు చదివే తెలుగు వేరు, "రెండు బాక్సులు పగిలిపోయొచ్చినయ్, ఎవురిస్తారు డబ్బులు" అనే తెలుగు వేరు, కరీంనగర్‌లో ఇదే మాట ఇంకోలా అంటారు, శ్రీకాకుళంలో మరోలా. అవన్నీ వినిపించి నేర్పాలి. నేర్పమనే అడుగుతున్నాను.

మన వైపు నుంచి కూడా ఒక లోటు ఉంది. నా షాపుకి వచ్చే ఫోన్లలో మెనూ తెలుగులో పెట్టుకున్నవి నెలకి ఒకటో రెండో కనపడతాయి, నాదీ మొన్నటి దాకా ఇంగ్లీషులోనే ఉండేది, ఈ వారమే మార్చాను. ఈ ఫోన్లు వాడేవాళ్లు శాంసంగ్ మెంబర్స్ యాప్‌లో అభిప్రాయం రాసే చోటు తెరిచి, కాల్ అనువాదంలో తెలుగు కావాలని తెలుగులోనే రాయండి. బావగారు నా ముందే రాశారు, అయిదు వాక్యాలు, మోర్బీ సంగతితో సహా.

కొనాలా వద్దా అన్నారు కదా. ఎస్23 అల్ట్రా ఉన్నవాళ్లు జోలికి పోవద్దు. నాలుగైదేళ్ల నాటి ఫోన్ ఉండి, ఏడేళ్లు వాడే ఓపిక ఉంటే కొనండి. అనువాదం కోసమే అయితే తెలుగు వచ్చేదాకా ఆగండి. ఫోన్ ఇక్కడే టేబుల్ మీద పెడుతున్నాను, పక్కన పీకేసిన టెంపర్డ్ గ్లాస్ కూడా తెచ్చాను. ఆ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఒకసారి గ్లాస్ పైన ఆనించి, ఒకసారి తీసేసి చూడండి.