కర్నూలు పిన్‌కోడ్ 33తో పోతుందా? భాజనీయతా సూత్రాలు, పిన్‌కోడ్లతో

నమస్కారం అందరికీ. స్క్రీన్ మీద నాలుగు నంబర్లున్నాయి కదా, చూస్తానే గుర్తుపట్టింటారు. పిన్‌కోడ్లు. కర్నూలు 518001, ఆదోని 518301, అనంతపురం 515001, కడప 516001. ఏ సంఖ్య దేనితో నిశ్శేషంగా పోతుందో ఈరోజు వీటి మీదే చూద్దాం.

2, 5, 10... ఇవి చెప్పేదేముంది, చివరి అంకె చూడండి. నాలుగింటికీ 1. పోదు, పోదు, పోదు. 4కి చివరి రెండంకెలు చూడాల, 8కి చివరి మూడు. బేసి సంఖ్యలు కాబట్టి ఇక్కడ అవీ లేవు. పదండి ముందుకు.

3, 9. అంకెలు కూడండి. కర్నూలు... 5, 1, 8, పద్నాలుగు, సున్నాలు వదిలేయండి, ఇంకో 1, మొత్తం 15. 3తో పోతుంది, 9తో పోదు. ఆదోని 18, చూడండి, 3తోనూ పోతుంది, 9తోనూ పోతుంది. అనంతపురం 12, 3 మాత్రమే. కడప 13. ఊహూఁ. కడపను ఈ మూలకు జరుపుతున్నా, మళ్లీ వస్తా దాని దగ్గరికి.

ఎందుకట్లా అంటే, 10 అంటే 9+1, 100 అంటే 99+1, 1000 అంటే 999+1. ఆ తొమ్మిదులన్నీ ఎట్లాగూ 9తో పోతాయి, చేతిలో మిగిలేది అంకెలే. అంతే కథ.

ఇప్పుడు 11. ఒకటి విడిచి ఒకటి కూడాల. కర్నూలుకు 5, 8, 0... 13. మిగిలినవి 1, 0, 1... 2. తేడా 11. పోయింది! ఈ తేడా సున్నా వచ్చినా, 11 వచ్చినా, 22 వచ్చినా సరే.

సరే, 3తో పోయింది, 11తో పోయింది. మరి 33తో? పోతుంది, ఇదిగో, 15697 సార్లు. కానీ ఇక్కడ కొంచెం ఆగాల. ఒక పరీక్షలో నేను బోర్లాపడింది ఇక్కడే. 24తో పోయే సంఖ్య ఏది అని అడిగినారు. నాలుగారులు ఇరవైనాలుగు కదా అని 4తో చూసినా, 6తో చూసినా, రెండూ పోయినాయి, టిక్కు పెట్టేసినా. తప్పు!

ఎట్లా తప్పంటే, ఉగాదికి ఇంట్లో 36 ఓళిగలు చేసినారనుకోండి. నలుగురికి పంచితే తలా 9. ఆరుగురికి పంచితే తలా 6. అదే 24 మంది వచ్చినారు... తలా ఒకటి పెట్టినా 12 మిగిలిపోయె. 4తో పోయింది, 6తో పోయింది, 24తో పోలేదు. ఏమైందప్పా?

విడగొట్టి చూడండి. 4లో రెండు 2లు. 6లో ఒక 2, ఒక 3. 24కి కావాల్సింది మూడు 2లు, ఒక 3. 6లో ఉన్న 2 కొత్తదేం కాదు, 4 దగ్గర లెక్కపెట్టిన 2నే మళ్లీ లెక్కపెట్టినాం. ఒకే రేషన్ కార్డు రెండు క్యూల్లో చూపించినట్టు.

కాబట్టి 24ని 3, 8గా విడగొట్టాల. ఈ రెండింటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. పుస్తకంలో పరస్పర ప్రధాన సంఖ్యలంటారు. 12కి 3, 4. అంతేగానీ 2, 6 కాదు. 18కి 2, 9. అంతేగానీ 3, 6 కాదు. 33కి 3, 11 కాబట్టి మనం బతికిపోయినాం.

ఫోన్ క్యాలిక్యులేటర్ నాకు నచ్చదు, దశాంశాలు ఇస్తుంది, శేషం చెప్పదు. నేనైతే ఎక్సెల్‌లో = గుర్తు పెట్టి మాడ్ (MOD) అని కొట్టి, బ్రాకెట్లో సంఖ్య, కామా, భాజకం... ఎంటర్. సున్నా వస్తే పోయినట్టే.

ఇంక కడప. 7కి, 13కి కూడా సూత్రాలున్నాయి, నేను వాడను. అవి గుర్తు తెచ్చుకునేలోపల భాగించడమే అయిపోతుంది. 7తో చేస్తే 3 మిగిలింది. 11కి తేడా 9, పోదు. 13తో 5 మిగిలింది. తర్వాత ప్రధాన సంఖ్య 17... కొడుతున్నా... చూడండి, సున్నా! 30353 సార్లు.