1877తో మొదలుపెట్టకండి: చరిత్ర విద్యార్థుల ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: చరిత్ర విద్యార్థులకు సలహాలిచ్చే కార్యక్రమానికి స్వాగతం. వరంగల్ నుంచి ఎం.ఏ. విద్యార్థిని ఒకరు లైన్‌లో ఉన్నారు. అడగండమ్మా.

శ్రోత: నమస్కారం సార్. అమెరికా అంతర్యుద్ధం తరువాతి పునర్నిర్మాణ కాలం, అంటే ఓడిన దక్షిణాది రాష్ట్రాలను తిరిగి దేశంలో కలుపుకుంటూ, విముక్తులైన బానిసలకు హక్కులిచ్చిన కాలం మీద సెమినార్ పత్రం రాస్తున్నాను. వివాదంలో పడిన ఎన్నిక తరువాత రిపబ్లికన్ అభ్యర్థి హేస్‌ను అధ్యక్షుణ్ణి చేసేందుకు 1877లో కుదిరిన రాజీ వల్ల, దక్షిణాది నుంచి కేంద్ర సైన్యం వెనక్కి వెళ్ళిపోవడం వల్ల నల్లజాతివారి హక్కులు పోయాయన్నది నా వాదన. ఇది నిలుస్తుందా?

ఆచార్యులు: నిలవడం కష్టమమ్మా. 1876 ఎన్నికల నాటికే దక్షిణ కరొలైనా, లూసియానా, ఫ్లోరిడా మినహా దక్షిణాదిలోని పాత తిరుగుబాటు రాష్ట్రాలన్నీ, నల్లజాతివారి హక్కులను అప్పట్లో వ్యతిరేకించిన డెమొక్రాట్ల చేతికి తిరిగి వెళ్ళిపోయాయి. చివరి తలుపు మూసిన తేదీని మీరు అసలు కారణంగా చూపిస్తున్నారు. నా సలహా ఏమిటంటే, పత్రాన్ని 1873 ఏప్రిల్ 13న, లూసియానాలోని కోల్‌ఫాక్స్ కోర్టు భవనం దగ్గర మొదలుపెట్టండి. వివాదాస్పదమైన ఎన్నిక తరువాత ఆ భవనాన్ని కాపాడుతున్న నల్లజాతివారి మీదికి సాయుధులైన శ్వేతజాతీయులు చిన్న ఫిరంగితో వచ్చారు, కప్పుకు నిప్పు పెట్టారు, బయటికి వచ్చినవారిని కాల్చారు, లొంగిపోయిన బందీలను ఆ రాత్రి చంపారు. మృతుల సంఖ్యపై అంచనాలు 60 నుంచి 150 దాకా ఉన్నాయి. తొంభై మందికి పైగా నిందితులుంటే శిక్ష పడింది ముగ్గురికి. వారిని కూడా 1876లో సుప్రీంకోర్టు క్రూక్‌షాంక్ తీర్పుతో వదిలేసింది. అందరికీ చట్టపరంగా సమాన రక్షణ కల్పించే పద్నాలుగో రాజ్యాంగ సవరణ రాష్ట్ర ప్రభుత్వాలను కట్టడి చేస్తుందే తప్ప వ్యక్తుల దాడులను కాదని చెప్పింది. రాష్ట్రమే ఆ దాడిదారుల పక్షాన ఉన్నప్పుడు బాధితుడు ఎవరి గడప తొక్కాలి? ఈ ప్రశ్నే మీ పత్రానికి వెన్నెముక కావాలి. ఆ స్థలంలో దక్షిణాది దుష్పరిపాలన అంతమైందని గొప్పగా చెప్పుకున్న ఫలకాన్ని 2021లో గానీ తొలగించలేదంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

శ్రోత: అంతవరకూ వచ్చిన ఉత్తరాది ప్రభుత్వం ఎందుకు చేతులెత్తేసింది సార్?

ఆచార్యులు: 1873లో బ్యాంకులు కుప్పకూలి, ఉద్యోగాలు పోయి, ఓటరు దృష్టి తన ఇంటి పొయ్యి మీదికి మళ్ళింది, మరుసటి ఏడాది ప్రతినిధుల సభ డెమొక్రాట్లకు దక్కింది. 1875లో మిసిసిపీ గవర్నర్ ఏమ్స్ ఎన్నికల హింసను ఆపడానికి సైన్యం పంపమని వేడుకున్నా అధ్యక్షుడు గ్రాంట్ ప్రభుత్వం పంపలేదు. స్వేచ్ఛ పొందినవారికి భూమి దక్కలేదన్న సంగతి కూడా రాయండి. పాత యజమాని పొలాన్నే పాలుకు చేస్తూ, అతని అంగట్లోనే అప్పు చేసుకునే మనిషి, ఆ యజమానికి వ్యతిరేకంగా ఓటు వేయడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

శ్రోత: జాతి కారణంగా ఓటు నిరాకరించకూడదన్న పదిహేనో సవరణ రద్దు కాలేదు కదా సార్, మరి ఓట్లు ఎలా పోయాయి?

ఆచార్యులు: జాతి ఊసెత్తకుండానే తీసేశారమ్మా. మిసిసిపీ 1890 రాజ్యాంగం రెండు డాలర్ల ఓటు పన్ను పెట్టింది. రాజ్యాంగంలోని ఒక భాగాన్ని చదివి గానీ, విని గానీ అర్థం చెప్పాలంది. చెప్పింది సరైనదో కాదో తేల్చేది శ్వేతజాతి అధికారి. 1898లో సుప్రీంకోర్టు దీన్నీ సమర్థించింది. లూసియానాలో 1896లో 1,30,000కు పైగా నమోదైన నల్లజాతి ఓటర్లు 1904 నాటికి 1,342 మంది మిగిలారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టండి.

శ్రోత: ప్రాథమిక ఆధారాలు ఎక్కడ చూడమంటారు?

ఆచార్యులు: నల్లజాతివారిని భయపెట్టిన శ్వేతజాతి రహస్య ముఠా కు క్లక్స్ క్లాన్ దాడులపై కాంగ్రెస్ సంయుక్త కమిటీ సేకరించి, 1872లో అచ్చువేసిన సాక్ష్యాలు పదమూడు సంపుటాలున్నాయి, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. తీర్పులకన్నా ముందు వాటిలో ఒక సాక్షి వాంగ్మూలాన్నైనా పూర్తిగా చదవండి.

శ్రోత: మరి పత్రాన్ని ఏ సంవత్సరంతో ముగించమంటారు?

ఆచార్యులు: 1901తో ముగించండి. ఉత్తర కరొలైనా ప్రతినిధి జార్జ్ వైట్ పదవీకాలం ఆ మార్చిలో ముగిసింది. ఆ తరువాత దక్షిణాది నుంచి మరో నల్లజాతి సభ్యుడు కాంగ్రెస్‌లో కూర్చోవడానికి 1973 దాకా పట్టింది.