సీరియల్లో వీల్‌చైర్

శ్రోతలకు నమస్కారం.

సాయంత్రమైతే మనలో చాలామంది ఇళ్లలో సీరియళ్లు మోగుతూనే ఉంటాయి. వాటిలో కాళ్లు కదలని భర్త, చూపు లేని చెల్లెలు, మాట పడిపోయిన పెద్దాయన తరచుగా కనిపిస్తారు. కథకు ఓ మలుపు కావాల్సి వచ్చినప్పుడు వాళ్లను తెస్తారు, ఆ పని అయిపోగానే నయం చేసి పంపేస్తారు. హీరోకి యాక్సిడెంట్ అవుతుంది. భార్య ఉపవాసాలుంటుంది, మోకాళ్లతో గుడి మెట్లెక్కుతుంది. ఎపిసోడ్ చివర్లో అతని కాలి వేలు కదులుతుంది.

ఇంకో రకం ఉంది. విలన్ అందరి ముందూ వీల్‌చైర్‌లో ఉంటాడు, గది తలుపు మూయగానే లేచి నిలబడతాడు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. సదరం క్యాంపుకి వెళ్లి, వైకల్యం ఎంత శాతమో రాయించుకుని, పెన్షన్ కోసం తిరిగే మనిషిని అసలే ‘నిజంగా నడవలేడా?’ అన్నట్టు చూస్తారు. ఆ అనుమానాన్ని సీరియల్ రోజూ మేపుతోంది.

సుధా చంద్రన్ గుర్తున్నారు కదా? 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదం తర్వాత ఆమె ఒక కాలు పోగొట్టుకున్నారు. జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు అమర్చుకుని మళ్లీ నాట్యం చేశారు. ఆ కథే మన ‘మయూరి’ సినిమా. అందులో ఆమే నటించారు. ఆ తర్వాత 2001లో మొదలైన ఒక హిందీ సీరియల్‌లో రమోలా సికంద్ అనే గడుసు అత్తగారయ్యారు. ఆ పాత్రకు కాలితో సంబంధమే లేదు. జనం ఆమె పెట్టుకున్న రకరకాల బొట్లు చూశారు, ఆ అత్తను తిట్టుకున్నారు. ఒక నటికి దక్కాల్సింది అదే.

బ్రిటన్‌లో ‘సైలెంట్ విట్‌నెస్’ అనే క్రైమ్ సీరియల్‌లో లిజ్ కార్ 2013 నుంచి 2020 వరకు ఫోరెన్సిక్ నిపుణురాలిగా నటించారు. ఆమె నిజజీవితంలోనూ వీల్‌చైర్ వాడతారు. తెరమీద మాత్రం హత్య కేసులు తేల్చడమే ఆమె పని.

మన సుప్రీంకోర్టు కూడా 2024 జులైలో ఒక సినిమా కేసులో తీర్పిస్తూ, తెరమీద వైకల్యాన్ని ఎలా చూపాలో కొన్ని మార్గదర్శకాలు చెప్పింది. ఆ పాత్రల్ని మలిచేటప్పుడు వికలాంగుల మాట తీసుకోవాలంది, రచయితలకూ దర్శకులకూ శిక్షణ ఉండాలంది. ఛానళ్లు అక్కడితో ఆగకూడదని నా కోరిక. కథాచర్చల్లో వికలాంగ రచయితలకు జీతమిచ్చి చోటివ్వాలి. ఆ చర్చలు లిఫ్టు లేని మూడో అంతస్తులో జరుగుతుంటే, ముందు ఆ గది మార్చాలి.

నమస్కారం.