66 ఏళ్లకి కొత్త కిడ్నీ: పెదనాయనతో మాటలు

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్ నెల్లూరులో మా ఇంటి వరండాలో కూర్చుని రికార్డ్ చేస్తున్నాను. నా పక్కన మా పెదనాయన ఉన్నారు. ఆయనకి 68 ఏళ్లు. రెండేళ్ల కిందట చెన్నైలో కిడ్నీ మార్పిడి జరిగింది. కిడ్నీ ఇచ్చింది ఆయన చెల్లెలు, మా అత్త. అత్త కూడా ఇక్కడే ఉంది. మన వైపు 60 దాటినవాళ్లకి కిడ్నీలు పాడైతే, ‘ఈ వయసులో ఆపరేషన్ ఎందుకులే’ అని ఇంట్లోనే తేల్చేస్తారు. ఆ ప్రశ్న డాక్టర్ దాకా వెళ్లనే వెళ్లదు. నా బాధ అదే. పెదనాయనా, మీరూ అదే మాట అన్నారు కదా?

పెదనాయన: అందరికంటే ముందు నేనే అన్నానమ్మా. షుగరు, బీపీ ఇరవై ఏళ్ల నుంచీ ఉన్నాయి. దానికితోడు మోకాళ్ల నొప్పులని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్లలు ఏళ్ల తరబడి మింగాను. ఆ నొప్పి బిళ్లలు కిడ్నీని దెబ్బతీస్తాయని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కాళ్లు వాచాక పరీక్ష చేయిస్తే, కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ 7 దాటింది. అంత ఉండకూడదట. ఎడమ చేతికి ఫిస్టులా పెట్టి, అంటే సూదులు గుచ్చడానికి వీలుగా రక్తనాళాలు కలిపి, మిషన్‌తో రక్తం శుభ్రం చేసే డయాలిసిస్ మొదలుపెట్టారు. వారానికి మూడు సార్లు, నాలుగేసి గంటలు.

హోస్ట్: మీకు బాగా కష్టమనిపించింది ఏంటి? సూదులా?

పెదనాయన: సూదులకి అలవాటు పడిపోయాను. నీళ్లమ్మా, నీళ్లు. రోజుకి లీటరు లోపే తాగాలన్నారు. కాఫీ, చారు, మజ్జిగ, అన్నీ ఆ లెక్కలోకే. మే నెలలో మన నెల్లూరు ఎండ నీకు తెలుసు. పొద్దున్నే మీ పెద్దమ్మ సీసాలో కొలిచి పోసి పెట్టేది. మధ్యాహ్నానికే అయిపోయేవి. ఇంక సాయంత్రం దాకా ఐసు ముక్క నోట్లో పెట్టుకుని కూర్చునేవాడిని. కొబ్బరి నీళ్లు తాగకూడదు, పొటాషియం పెరుగుతుందని. డయాలిసిస్ అయిన రోజు ఇంటికొచ్చి పడుకుంటే మర్నాటికి గానీ లేవలేకపోయేవాడిని.

హోస్ట్: ఇక్కడ ఒక మాట చెప్పాలి. 1999లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. వెయిటింగ్ లిస్టులో పేరుండి డయాలిసిస్ మీదే ఉన్నవాళ్లతో పోలిస్తే, కిడ్నీ అందినవాళ్లు ఎక్కువ కాలం బతికారు. 60 నుంచి 74 ఏళ్ల వాళ్లలోనూ అంతే. కానీ ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో ప్రమాదం డయాలిసిస్ కంటే ఎక్కువే. ఆ గండం దాటాకే లాభం కనిపిస్తుంది. అందుకే ముందు అన్ని పరీక్షలు చేస్తారు.

పెదనాయన: అసలు పరీక్షల దాకా పోవడమే ఆలస్యమైంది. ఇక్కడ ఒక డాక్టర్ని అడిగితే, ‘ఈ వయసులో ఎందుకు, డయాలిసిస్‌తో నెట్టుకురండి’ అన్నారు. సంవత్సరం పోయింది. చెన్నైలో చూసిన డాక్టర్ మాత్రం నా వయసు రాసుకుని పక్కన పెట్టేశారు. గుండెకి ఎకో, యాంజియోగ్రామ్ చేయించారు. టీబీ ఉందేమో, ఎక్కడైనా క్యాన్సర్ దాగి ఉందేమో చూశారు. పళ్లు కూడా చూపించుకు రమ్మన్నారు. తర్వాత చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమన్నారు. వరండాలో నడిపించారు. ‘మీ ఇంట్లో రోజూ మందులు చూసేదెవరు’ అని మీ పెద్దమ్మని చాలాసేపు అడిగారు.

హోస్ట్: కిడ్నీ ఎవరివ్వాలనే దగ్గర ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డామో నాకు గుర్తుంది.

పెదనాయన: మీ పెద్దమ్మకి షుగరు, కుదరదన్నారు. మా వాడు ఇస్తానన్నాడు. వాడికి అప్పటికే బీపీ, చిన్న పిల్లలు. నేనే ఒప్పుకోలేదు. కోడలు కూడా ముందుకొచ్చింది, ఆ పిల్ల మంచితనం మర్చిపోలేను. కానీ చట్టం ప్రకారం కోడలు దగ్గరి బంధువు కాదట.

హోస్ట్: అవును, 1994 నాటి అవయవ మార్పిడి చట్టం అది. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు దగ్గరి బంధువులు. 2011 సవరణలో అవ్వాతాతలు, మనవలు, మనవరాళ్లని కూడా చేర్చారు. కోడలు, అల్లుడు ఇవ్వాలంటే కమిటీ అనుమతి కావాలి. ఇచ్చేవాళ్లు ఎవరూ లేకపోతే, బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాల కోసం ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవచ్చు. ఇంతకుముందు 65 దాటినవాళ్లని ఆ జాబితాలోకి తీసుకునేవాళ్లు కాదు. ఆ నిబంధనని 2023లో కేంద్రం తీసేసింది. ఈ సంగతి ఇంకా చాలా ఇళ్లకి చేరలేదు. అత్తా, నువ్వెలా ఒప్పుకున్నావు?

అత్త: ఒప్పుకోవడమేంటే, అన్న ముఖం చూసి నేనే అడిగాను. నాకప్పుడు 59. నా వయసు కిడ్నీ పనికొస్తుందా అని భయపడ్డాను. స్కాన్లన్నీ చేసి, రెండూ బాగున్నాయి, ఒకటి ఇచ్చినా మీకు సరిపోతుంది అన్నారు. మిగిలినది కాస్త పెరిగి పని అందుకుంటుందట.

హోస్ట్: యూరప్‌లో కొన్ని దేశాల్లో 65 దాటి చనిపోయినవాళ్ల కిడ్నీలని 65 దాటినవాళ్లకే అమర్చే పద్ధతి 1999 నుంచీ ఉంది. సరే, ఆపరేషన్ రోజు?

పెదనాయన: పాత కిడ్నీలు తీయలేదు. కొత్తది పొత్తికడుపులో కుడి పక్కన పెట్టారు. మెలకువ వచ్చాక నర్సమ్మ మంచం పక్కన వేలాడే సంచి చూపించింది. నిండా మూత్రం. ఏడాదిగా నాకు చుక్క రాలేదమ్మా. ఏడ్చేశాను. నాలుగు రోజులకి ‘మూడు లీటర్లు తాగండి’ అన్నారు. గ్లాసెడు నీళ్లు గుటగుటా తాగి, ఇంకో గ్లాసు అడిగాను.

హోస్ట్: తర్వాతంతా సాఫీగా సాగిందనుకోవద్దు, వినేవాళ్లు.

పెదనాయన: సాగలేదు. మూడో నెలలో మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి మళ్లీ పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. పెద్దవాళ్ల శరీరం కొత్త కిడ్నీని తోసేయడం తక్కువేనట. ఇన్ఫెక్షన్ల భయమే ఎక్కువట. స్టెరాయిడ్ వల్ల షుగరు పెరిగి ఇన్సులిన్ డోసు పెంచారు. శరీరం కొత్త కిడ్నీని తోసేయకుండా ఆపే టాక్రోలిమస్ బిళ్ల పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి, జీవితాంతం. రక్తంలో దాని మోతాదు చూడాలంటే పొద్దుటి బిళ్ల వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. అందుకే ముందు రోజే పినాకిని రైల్లో చెన్నై పోయి, మర్నాడు రక్తమిచ్చాకే బిళ్ల వేసుకుంటాను. పంపరపనస తింటే ఆ మందు రక్తంలో పెరిగిపోతుందని, దాన్ని ముట్టుకోవద్దన్నారు. జనంలోకి పోవడానికి భయమేసి మొదటి సంవత్సరం రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువు వైపే పోలేదు.

హోస్ట్: మీతో డయాలిసిస్‌లో ఉన్న కావలి ఆయన గురించి చెప్పండి.

పెదనాయన: నాకంటే మూడేళ్లు చిన్న. ఎకోలో గుండె పంపింగ్ బాగా తక్కువుంది. ఆపరేషన్‌కి తట్టుకోలేరని డాక్టర్లు వద్దన్నారు. ఆయన బాధపడ్డాడు గానీ అది సరైన మాటే. డయాలిసిస్ మీదే ఉన్నాడు, నీళ్ల లెక్క తప్పడు, మనవరాలి పెళ్లి చూశాడు. అందరికీ మార్పిడే మేలని నేననను. పరీక్షలు చేయించకుండా వద్దనుకోవద్దు, అంతే.

హోస్ట్: అత్తా, నువ్వు మాత్రం నీ చెకప్పులు వదిలేయకు. ఇచ్చినవాళ్లు కూడా ఏటా క్రియాటినిన్, బీపీ చూపించుకోవాలి.

అత్త: వచ్చే వారమే నాది. అన్నకి కూడా అదే రోజు రమ్మన్నారు. టికెట్లు తీసేశాం, ఇద్దరం కలిసే పోతాం.