లిఫ్ట్ చేసిన పాత జీపుకి ఏ టైరు? మొదట పక్క జాగా కొలవండి

పార్వతీపురం, సాలూరు నుంచి అటు రాయగడ, కోరాపుట్ దాకా కొండ ఊళ్ళకి, సంతలకి ఇప్పటికీ పాత మహీంద్రా జీపులు తిరుగుతున్నాయి. వాటిని రెండు మూడు అంగుళాలు లేపించగానే అందరూ అడిగేది ఒకటే: 31 అంగుళాల టైరు పడుతుందా? ఈ రోజు టేపు పట్టుకుని చూద్దాం.

లిఫ్ట్ వల్ల టైరుకి, మడ్‌గార్డుకి మధ్య జాగా పెరుగుతుంది. టైరుకి, కమాన్ పట్టీకి (లీఫ్ స్ప్రింగుకి) మధ్య జాగా మాత్రం వెంట్రుకవాసి కూడా పెరగదు. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు ముందు రాసుకునేది అక్కడే.

లెక్క చూడండి. ఈ జీపులకి పాతకాలం టైరు 6.00-16. ఎత్తు సుమారు 730 మిల్లీమీటర్లు, వెడల్పు ఆరంగుళాల పైచిలుకు. ఇప్పుడు ఎక్కువమంది వేయించేది 235/75 ఆర్15. వెడల్పు 235 మిల్లీమీటర్లు; అందులో 75 శాతం అంటే 176, అది టైరు పక్కగోడ ఎత్తు. పైనా కిందా కలిపి 352, 15 అంగుళాల రిమ్ము 381, మొత్తం 733. ఎత్తులో పాత టైరుకి సమానమే! దీనికి లిఫ్టే అక్కర్లేదు. పెరిగిందంతా వెడల్పే, ఇంచుమించు రెండున్నర అంగుళాలు. అదే 31 ఇంటూ 10.5 ఆర్15 అయితే ఎత్తు 787, వెడల్పు 267.

ఆ వెడల్పు లోపలికి వస్తుందా, బయటికి పోతుందా అన్నది రిమ్ము ఆఫ్‌సెట్ తేలుస్తుంది, అంటే రిమ్ము వెడల్పు నడిమి నుంచి హబ్బుకి ఆనే మొహం ఎంత దూరమో ఆ కొలత. ఆఫ్‌సెట్ సున్నా అయితే టైరు సగం హబ్బుకి లోపల, సగం బయట. 235 టైరు అప్పుడు 117 మిల్లీమీటర్లు లోపలికి వస్తుంది. ప్లస్ 20 అయితే 137, మైనస్ 20 అయితే 97. చక్రం విప్పి, హబ్బు మొహం నుంచి కమాన్ పట్టీ దాకా ఎంతుందో కొలిచి ఈ అంకెతో పోల్చండి. స్టీరింగు నిటారుగా ఉన్నప్పుడు ఎంత జాగా ఉన్నా, తిప్పితే టైరు వెనక అంచు లోపలికి ఊగుతుంది. అందుకే చివరి మాట కొలతది కాదు, సుద్దముక్కది. పట్టీకి, ఛాసిస్‌కి సుద్ద రాసి, ఒక ముందు చక్రాన్ని అడుగు ఎత్తు దిమ్మ మీదకి ఎక్కించి, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. టైరుకి సుద్ద అంటితే రాసుకుంటోందన్నమాట. బ్రేకు హోస్ పైపు బిగుసుకుంటోందేమో అప్పుడే చూడండి, లిఫ్ట్ చేశాక అది పొట్టిదైపోతుంది.

కొద్దిగానే తగిలితే నకిల్ (స్టీరింగుతో తిరిగే చక్రం మూల) దగ్గరి స్టాపర్ బోల్టు కాస్త బయటికి తీసి బిగిస్తే ఆగుతుంది. కానీ జీపు తిరిగే జాగా పెరుగుతుంది. సాలూరు నుంచి పొట్టంగి ఎక్కే ఘాట్‌లో మలుపుకి మలుపుకి అది తెలుస్తుంది. మరీ ఎక్కువ మైనస్ ఆఫ్‌సెట్ వేస్తే పట్టీకి తగలదు గానీ వీల్ బేరింగుల మీద, కింగ్‌పిన్ బేరింగుల మీద బరువు పడుతుంది, స్టీరింగు గుంజుతుంది. హబ్బుకి, రిమ్ముకి మధ్య పెట్టే స్పేసర్లు వద్దు. సరైన ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ము కొనండి.

రిమ్ము పడుతుందో లేదో పీసీడీ (స్టడ్లన్నీ కూర్చునే వలయం వ్యాసం, మిల్లీమీటర్లలో) చెప్పాలి. ఈ జీపులకి ఐదు స్టడ్లు, 139.7. పక్కపక్క స్టడ్ల నడిమి నుంచి నడిమికి 82 మిల్లీమీటర్లు రావాలి. హబ్బు నడిమి బొడిపె రిమ్ము కన్నంలో దూరాలి, దాన్నీ కొలిచి కొనండి. అరంగుళం స్టడ్డు మీద నట్టు కనీసం పది చుట్లు ఎక్కాలి, అంతకంటే తక్కువైతే పొడవు స్టడ్లు వేయించండి. కొన్ని పాత జీపులకి ఎడమవైపు మరలు ఉల్టా ఉంటాయి, పంచర్ షాపులో గన్ పెట్టకముందే చెప్పండి.

పాత రిమ్ము వెడల్పు 4.5 అంగుళాలే. 235కి 6 నుంచి 8 కావాలి, 7 బాగుంటుంది. 31కి 7 నుంచి 9.

ఇక ఏది వేయాలి? జనంతో, బస్తాలతో ఘాట్ ఎక్కే బండికి 31 వేయించొద్దు. 733 నుంచి 787 అంటే ఏడు శాతం. గేర్లన్నీ అంత పొడవైనట్టే. రెండో గేరులో ఎక్కే చోట మొదటి గేరు పడుతుంది, క్లచ్ త్వరగా అరుగుతుంది, దిగేటప్పుడు డ్రమ్ బ్రేకులకి పని పెరుగుతుంది. మీటరు 60 చూపిస్తే అసలు స్పీడు 64. లాభం ఒకటుంది: ఇరుసు హౌసింగ్ 27 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. లిఫ్ట్ కిట్టు ఎంత పెట్టినా హౌసింగ్ లేవదు, దాన్ని లేపేది టైరొక్కటే. రాళ్ళ దారే మీ దారైతే ఆలోచించండి. తక్కినవాళ్ళకి 235, 7 అంగుళాల రిమ్ము, ఆఫ్‌సెట్ సున్నాకి అటూ ఇటూ. రోజంతా తారు రోడ్డే అయితే మడ్ టైరు వద్దు, వానలో ఘాట్ మలుపుల్లో దానికి పట్టు తక్కువ.

ఫోర్ వీల్ ఉన్న బండికి ముందూ వెనకా ఒకే సైజు తప్పనిసరి. తేడా ఉంటే ఫోర్ వీల్ వేసినప్పుడు గట్టి రోడ్డు మీద ముందూ వెనకా ఇరుసులకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుపోతుంది. స్టెప్నీ కూడా అదే సైజు కావాలి. వాడిన టైరు కొంటుంటే పక్కనుండే నాలుగంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది.

బండి స్వరూపం మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. లిఫ్ట్ గురించైనా, సైజు గురించైనా ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు నట్లు మళ్ళీ బిగించండి. గాలికి కూడా సుద్దే వాడొచ్చు: టైరుకి అడ్డంగా గీత గీసి, చదును రోడ్డు మీద ఇరవై మీటర్లు నడపండి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. రోజూ వేసే బరువుతోనే ఈ పని చేయండి.