1990 నాటి స్టీల్ మౌంటెన్ బైక్: బాగుచేసి ఆరు నెలలు తొక్కాక నా రివ్యూ

ముందు ఈ చప్పుడు వినండి. మైకు దగ్గరగా పెడుతున్నాను. టిక్... టిక్... టిక్. విన్నారా? ఈ గేర్ షిఫ్టర్ నా చేతికి వచ్చిన రోజు ఈ టిక్ లేదు. లివర్ నొక్కితే బొటనవేలి కింద మెత్తగా జారిపోయేది, గేరు పడేదే కాదు. చాలామంది ఇక్కడే "షిఫ్టర్ పోయింది" అని తీసి పక్కన పడేస్తారు. అది పోలేదండీ. లోపలి గ్రీజు ఏళ్ల తరబడి ఎండిపోయి జిగురైంది. పళ్లచక్రాన్ని పట్టుకోవాల్సిన చిన్న కొక్కెం ఆ జిగురులో అతుక్కుపోయింది, అంతే. మూత తీసి, సన్నగొట్టం పెట్టి స్ప్రే కొడుతూ, లివర్‌ని ఆడిస్తూ కూర్చున్నాను. ముదురు తేనె రంగులో మడ్డి కారుతూనే ఉంది. అరగంటకు మొదటి టిక్ వచ్చింది. ఆ తర్వాత పల్చటి నూనె రెండు చుక్కలు వేశాను. ఆరు నెలలైంది, ఒక్క గేరు కూడా తప్పలేదు.

నమస్కారమండీ. ఈ రోజు రివ్యూ కొత్త సైకిల్‌ది కాదు, ఈ పాత స్టీల్ మౌంటెన్ బైక్‌ది. ముందు సస్పెన్షన్ లేదు, డిస్క్ బ్రేకులు లేవు, చక్రాలు 26 అంగుళాలవి. దీన్ని పూర్తిగా విప్పి, కొన్ని భాగాలు ఉంచి, కొన్ని మార్చి, మట్టి దారుల్లో తొక్కుతూ వస్తున్నాను. మొదటి రోజే ఒక నియమం పెట్టుకున్నాను. మళ్లీ యథాస్థితికి తేలేని పని ఏదీ ఈ ఫ్రేమ్ మీద చేయకూడదు. కోయడం, వెల్డింగ్ పెట్టడం, బలవంతంగా సాగదీయడం, ఏవీ వద్దు. ఈ వీడియోలో నేను చెప్పే ప్రతి తీర్పూ ఆ నియమం నుంచే వస్తుంది.

ఇది ఏ ఏడాదిదో ఎలా తెలిసింది అంటారా? క్రాంక్, అంటే పెడల్ బిగించే చేయి, దాని వెనక వైపు చూడండి. కాస్త మురికి తుడిస్తే రెండు ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి: ఓ, ఇ. ఇది సైకిల్ భాగాలు తయారుచేసే షిమానో కంపెనీ కోడ్. మొదటి అక్షరం ఏడాది, రెండోది నెల. 1976ని ఏ అనుకుని లెక్కపెట్టుకుంటూ వస్తే ఓ దగ్గర 1990 వస్తుంది. ఇ అంటే అయిదో నెల. అంటే 1990 మే. భాగం తయారైన తేదీ ఇది, సైకిల్ అమ్ముడైన తేదీ కాదు. కానీ రెండు మూడు భాగాల మీద ఒకే ఏడాది కనిపిస్తే అవి సైకిల్‌తో పాటే వచ్చినవని నమ్మొచ్చు.

ఆ కాలం ముచ్చట కొంచెం చెప్పకుండా ఉండలేను. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో 1970లలో కొందరు కుర్రాళ్లు లావు టైర్ల పాత సైకిళ్లు వేసుకుని కొండ మీద నుంచి కిందికి పందేలు పెట్టుకునేవాళ్లు. ఒక దిగుడుకు "రీప్యాక్" అని పేరు పడింది. కిందికి చేరేసరికి వెనక హబ్‌లోని, అంటే చక్రం నడిమి గూడులోని బ్రేకు వేడెక్కి గ్రీజంతా పొగైపోయేది, మళ్లీ గ్రీజు కూరితే గానీ సైకిల్ పనికి వచ్చేది కాదు. అందుకే ఆ పేరు. ఆ పాత సైకిళ్లవి 26 అంగుళాల చక్రాలు. 1977లో వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ ఈ పని కోసమే ప్రత్యేకంగా ఫ్రేములు కట్టినప్పుడూ అదే కొలత ఉంచాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ మౌంటెన్ బైక్ స్టంప్‌జంపర్ పెద్ద ఎత్తున తయారై అమ్మకానికి వచ్చింది. నా సైకిల్ చక్రం కొలత వెనక ఆ కొండదారి ఉందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

సరే, పనిలోకి వద్దాం. పాత ఫ్రేమ్ చేతికి రాగానే మెరుపు చూడకండి. తలకిందులు చేసి, హ్యాండిల్ కింద ముందు గొట్టం, దిగువ గొట్టం కలిసే చోట వేలు పెట్టి నిమరండి. అక్కడ ఉబ్బు తగిలినా, పెయింట్ ముడతలు పడి ఉన్నా ఆ సైకిల్ ముందు నుంచి దేన్నో గట్టిగా గుద్దుకుందని అర్థం. దాన్ని వదిలేయండి, ఎంత అందంగా ఉన్నా సరే.

నన్ను ఎక్కువగా ఏడిపించింది సీట్ పోస్ట్, అంటే సీటును మోసే గొట్టం. స్టీల్ గొట్టంలో అల్యూమినియం పోస్ట్ ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే రెండు లోహాల మధ్య తెల్లటి పొడిలా తుప్పు పుట్టి, అది ఉబ్బి, బిగుసుకుపోతుంది. వేడి చేస్తే వస్తుందని అందరూ చెబుతారు. ఇక్కడ వేడి పనికి రాదు. ఎందుకంటే వేడికి స్టీల్ కన్నా అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, అంటే ఇంకా బిగుస్తుంది. చల్లబరిస్తే అంతే ఎక్కువగా ముడుచుకుంటుంది. అందుకే నేను సైకిల్‌ని తలకిందులు పెట్టి, బీబీ గూడు, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టం లోంచి తుప్పు వదిలించే నూనె పోసి, మూడు రోజులు వదిలేశాను. నాలుగో రోజు పోస్ట్ బోలులో ఐసు ముక్కలు కూరి, పోస్ట్ తలని బెంచి వైస్‌లో బిగించి, ఫ్రేమ్‌నే పట్టుకుని తిప్పాను. మొదట కిర్రుమంది. తర్వాత వెంట్రుకవాసి కదిలింది. ఆ కదలిక నా అరచేతులకు తెలిసిన క్షణం మర్చిపోలేను. కొత్త పోస్ట్ కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. వీటి కొలతలు 0.2 మిల్లీమీటర్ల తేడాతో ఉంటాయి. పాతదాని మీద 26.8 అని ఉంటే 26.8 మాత్రమే పెట్టాలి. 26.6 దూరుతుంది కదా అని పెట్టి బిగిస్తే పోస్ట్‌ని బిగించే ఫ్రేమ్ చెవులు ఒంగుతాయి.

బేరింగుల పని గబగబా చెప్పేస్తాను, ఇది కష్టం కాదు, ఓపిక చాలు. వెనక హబ్‌లో పక్కకు తొమ్మిది పావు అంగుళం బాల్స్, ముందు హబ్‌లో పక్కకు పది చిన్నవి. పాతవి పారేసి కొత్తవి వేయండి. బాల్స్ ఆనుకుని తిరిగే కోన్ మీద గుంటలు పడ్డాయేమో వెలుతురులో తిప్పి చూడండి. బీబీ విప్పేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఇలాంటి ఫ్రేముల్లో ఎక్కువగా ఉండే ఇంగ్లిష్ మరలో, చైన్ వైపు కప్పు ఎదురు మర. మామూలుగా వదులు చేసే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. పానా జారి పెయింట్ గీసుకుపోయేది ఇక్కడే.

ఇప్పుడు బ్రేకులు. ఈ వీడియోకి అసలు కారణం ఇదే. పాత కాంటిలివర్ బ్రేకులతో, అంటే రెండు చేతులు రిమ్మును పక్కల నుంచి నొక్కే బ్రేకులతో, సైకిల్ ఆగదు అని ఒక మాట పాతుకుపోయింది. నేనూ అలాగే నమ్మాను. వచ్చినప్పుడు లివర్ నొక్కితే రాయిలా గట్టిగా ఉండేది, సైకిల్ మాత్రం ఆగేది కాదు. మనకు గట్టిగా తగిలితే బ్రేకు బాగుందనిపిస్తుంది. కాంటిలివర్‌లో సంగతి తలకిందులు. రెండు చేతుల్నీ కలిపే ఆ అడ్డ తీగ ఉంది చూడండి, దాన్ని మధ్యలో పైకి లాగే కొక్కెం ఎంత ఎత్తులో ఉంటే లివర్ అంత గట్టిగా, పట్టు అంత తక్కువ. దాన్ని కిందికి దింపితే లివర్ మెత్తగా ఎక్కువ దూరం వస్తుంది, పట్టు పెరుగుతుంది. నేను రెండు వేళ్ల మందం కిందికి దింపాను. కొత్త కేబుళ్లు, కొత్త మెత్తటి బ్రేక్ రబ్బర్లు వేశాను. అవే పాత చేతులు, అవే పాత లివర్లు. ఇప్పుడు ఒక్క వేలితో వెనక చక్రం లాక్ అవుతుంది.

టైరు పైన ఈ చిన్న బ్రాకెట్ చూశారా? అందం కోసం కాదిది. ముందు బ్రేక్ కేబుల్ తెగితే అడ్డ తీగ జారి గుబ్బల టైరు మీద పడుతుంది, చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది, మనిషి ముందుకు ఎగిరిపడతాడు. బ్రాకెట్ ఆ తీగని పట్టుకుంటుంది. దయచేసి దీన్ని తీసేయకండి.

వి-బ్రేకులు, అంటే అడ్డ తీగ లేకుండా పొడుగు చేతులతో రిమ్మును నొక్కేవి, పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు. షిమానో వాటిని 1996లో తెచ్చింది, చాలా ఫ్రేములకు అవే మేకుల మీద కూర్చుంటాయి. కానీ లివర్లు కూడా మార్చాలి. వి-బ్రేకుకి ఎక్కువ కేబుల్ లాగాలి, పాత లివర్ అంత లాగలేదు, హ్యాండిల్‌కి తగిలిపోతుంది. ఇక డిస్క్ బ్రేకు కోసం ఫ్రేమ్‌కి చెవులు వెల్డింగ్ చేయించడం మాత్రం వద్దు. ఆ సన్నటి గొట్టాలు ఆ బలాన్ని మోయడానికి కట్టినవి కావు.

ఒక తప్పు చేసి వెనక్కి తీశాను, అదీ చెబుతాను. స్నేహితుడి దగ్గర ఉన్న 80 మిల్లీమీటర్లు కుంగే సస్పెన్షన్ ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని పట్టే కవ, తెచ్చి పెట్టాను. ఎత్తు కొలిస్తే అసలు ఫోర్క్ కన్నా 50 మిల్లీమీటర్లు ఎక్కువ. సుమారు 20 మిల్లీమీటర్లకు ఒక డిగ్రీ చొప్పున ముందు గొట్టం వాలు మారుతుంది, అంటే రెండు డిగ్రీల పైనే. ఎక్కుడులో ముందు చక్రం తూలుతూ పక్కలకు పోయింది, పెడళ్లు కూడా నేల నుంచి ఎత్తు పెరిగాయి. రెండు వారాలకే పాత స్టీల్ ఫోర్క్ తిరిగి పెట్టేశాను. రాక్‌షాక్స్ కంపెనీ మొదటి సస్పెన్షన్ ఫోర్క్ 1989లో వచ్చింది, కానీ నా ఫ్రేమ్‌ని ఆ ఎత్తుకు లెక్కవేసి కట్టలేదు.

సస్పెన్షన్ లేని ఆ కుదుపు తగ్గించింది టైర్లే. పగుళ్లిచ్చిన పాత గోధుమరంగు టైర్లు తీసి, పలచటి పక్కలున్న 2.1 అంగుళాల కొత్తవి వేసి, గాలి తగ్గించాను. అన్ని మార్పుల్లో సైకిల్ స్వభావాన్ని మార్చింది ఇదే. టైరుకీ ఫ్రేమ్‌కీ మధ్య మట్టి పోయేంత సందు ఉంచుకోండి. హ్యాండిల్ విషయంలో కొంచెమే మారాను. హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే స్టెమ్, పాతది 135 మిల్లీమీటర్లు, దాని బదులు 90; ఇరుకు హ్యాండిల్‌కి బదులు 680 వెడల్పుది. ఇప్పటి వాటిలా 50 స్టెమ్ పెడితే, ఈ పొట్టి ఫ్రేమ్‌లో మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతాయి.

గేర్లా? ముందు ఒకటే పళ్లచక్రం పెట్టమని చాలామంది అడుగుతున్నారు. లెక్క వేసి చూడండి. నా పాత క్రాంక్‌లో చిన్నది 24 పళ్లు, వెనక పెద్దది 28. పెడల్ ఒక చుట్టుకి చక్రం 0.86 చుట్టు. ముందు 32, వెనక 36 పెడితే 0.89. అంటే ఆ మార్పుతో ఎక్కుడు తేలికవదు, కాస్త బరువవుతుంది. చైన్ ఎగిరిపడకపోవడం, లివర్ ఒకటి తగ్గడం మాత్రం నిజమైన లాభాలే. నాకైతే ముందున్న మూడు పళ్లచక్రాలే చాలు.

ఇక మిగిలింది ఇది. వెనక రిమ్ము పక్కన స్కేలు పెడుతున్నాను, చూడండి. మధ్యలో వెలుతురు కనబడుతోంది కదా? బ్రేక్ రబ్బర్లు అరగదీసి అరగదీసి గోడ లోపలికి గుంట పడింది. ఇలాంటి రిమ్ము టైరు గాలికి ఎప్పుడైనా చీలొచ్చు. అందుకే ఈ వారం నుంచి తొక్కడం ఆపేశాను. హబ్ అదే 1990ది ఉంచి, 32 స్పోకులతో కొత్త రిమ్ము అల్లాలి. స్పోకుల పొడవు లెక్కతో సహా అదంతా తర్వాతి వీడియోలో చేసి చూపిస్తాను.