టాస్‌తో గట్టెక్కి కప్పు కొట్టేశారు!

గ్రూప్ దశలో ఒక్క మ్యాచ్ గెలవలేదు. ఒక్క గోల్ కూడా కొట్టలేదు. కానీ చివరికి కప్పు వాళ్లదే! 2018 శాఫ్ ఛాంపియన్‌షిప్‌లో మాల్దీవులు చేసిన పని ఇది. దక్షిణాసియా దేశాల ఫుట్‌బాల్ టోర్నీనా, ఎలాగూ ఇండియాదేలే అని తీసిపారేసేవాళ్లు కాస్త ఆగి వినండి.

ఆ సెప్టెంబర్‌లో ఢాకాలో ఆడింది ఏడు జట్లే. అంతకుముందు టోర్నీ అయ్యాక అఫ్గానిస్తాన్ మధ్య ఆసియా సమాఖ్యలోకి వెళ్లిపోయింది. దాంతో ఒక గ్రూపులో నాలుగు జట్లు, ఇంకో గ్రూపులో మూడు. తిరకాసంతా అక్కడే వచ్చింది.

మూడు జట్ల గ్రూపులో ఇండియా, శ్రీలంక, మాల్దీవులు. ఇండియా ఇద్దరినీ ఓడించింది, రెండుసార్లూ 2-0తోనే! వాళ్లిద్దరూ ఆడుకున్న మ్యాచేమో 0-0. ఇప్పుడు లెక్క చూడండి. ఇద్దరికీ ఒక్కో పాయింటు, కొట్టిన గోల్స్ సున్నా, ఇచ్చినవి రెండేసి. ఇక ఎవరిని పంపాలి? టాస్ వేశారండీ! మాల్దీవులు సెమీస్‌కి, శ్రీలంక ఇంటికి.

అవతలి గ్రూపులో ఇంకా ఘోరం. ఆతిథ్య జట్టు బంగ్లాదేశ్ భూటాన్‌నీ పాకిస్తాన్‌నీ ఓడించి ఆరు పాయింట్లు తెచ్చుకుంది. నేపాల్, పాకిస్తాన్‌లకూ ఆరే. గోల్ డిఫరెన్స్‌లో, అంటే కొట్టిన గోల్స్‌కీ ఇచ్చిన గోల్స్‌కీ తేడాలో, బంగ్లాదేశ్ ఔట్. సొంత ప్రేక్షకుల ముందు రెండు మ్యాచ్‌లు గెలిచిన జట్టు బయట, ఒక్కటీ గెలవనిది లోపల! నన్నడిగితే మూడు జట్ల గ్రూపు పెట్టడమే తప్పు.

అలాగని మాల్దీవులది వట్టి అదృష్టమంటే ఒప్పుకోను. సెమీస్‌లో నేపాల్‌ని 3-0తో చిత్తు చేశారు. ఇటు ఇండియా 3-1తో పాకిస్తాన్‌ని కొట్టి ఫైనల్‌కొచ్చింది. ఫైనల్లో 19వ నిమిషంలో ఇబ్రహీం మహూదీ గోల్ కొట్టాడు, 66వ నిమిషంలో అలీ ఫాసిర్ ఇంకోటి. మన సుమీత్ పస్సీ ఇంజూరీ టైమ్‌లో, అంటే 90 నిమిషాలు అయ్యాక కలిపే అదనపు సమయంలో, ఒకటి కొట్టాడు కానీ అప్పటికే ఆట చేయి దాటిపోయింది. 2-1.

మనవాళ్లు ఎక్కువగా అండర్-23 కుర్రాళ్లనే పంపారు, నిజమే. తర్వాతి జనవరిలో ఆసియా కప్ ఉంది, కుర్రాళ్లకు అనుభవం రావాలనుకున్నారు. ఆ ఆలోచన నాకూ నచ్చింది. కానీ గ్రూపులో ఓడించిన జట్టు చేతిలోనే ఫైనల్ పోగొట్టుకుంటే వయసు సాకు చెప్పలేం కదా!

పైగా మాల్దీవులకు అది రెండో కప్పు. మొదటిది 2008లో. అప్పుడు ఫైనల్లో 1-0తో ఓడిందెవరనుకున్నారు? మనమే!